పుస్తకాలు చదివితే ఏమొస్తుంది? కడప జిల్లా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు, జవాబులు

కడపలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పిల్లల చేత, పెద్దల చేత పుస్తకాలు చదివించే పనిలో ఉన్నాను. తల్లిదండ్రులు, కాలేజీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు సరిపోతుంది. కొన్నిటికి సరిపోదు.

పుస్తకాలు చదివితే అసలు ఏమొస్తుంది?

అన్నిటికంటే ముందు ఓపిక వస్తుంది. ఒక విషయం మొదలుపెట్టి, అది ఎటు తిరిగితే అటు తిరుగుతూ, చివరిదాకా వెంట నడిచే ఓపిక. ఈ రోజుల్లో ఇది అరుదైపోయింది. ఎవరైనా ఒక మాట మొదలుపెడితే రెండో వాక్యానికే మనకు విసుగు. పుస్తకం ఆ విసుగును మెల్లగా విడిపిస్తుంది. ఈ అలవాటు పడిన మనిషి బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టే ముందు పూర్తిగా చదువుతాడు. డాక్టరు చెప్పేది చివరిదాకా వింటాడు. పొలం గొడవలో అవతలివాళ్ల వాదన కూడా చెవిన వేసుకుంటాడు.

రెండోది మాటలు. ఇంట్లో, బజారులో మనకు రోజూ కావలసిన మాటలు కొన్నే, వాటితోనే జీవితం గడిచిపోతుంది. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ కొన్ని మాటలు చాలవు. కోపానికీ ఉక్రోషానికీ, బాధకూ దిగులుకూ తేడా తెలిసిన పిల్లవాడు తనకేమైందో అమ్మకు చెప్పగలడు. తెలియనివాడు తలుపు ధడాలున వేసుకుని పోతాడు.

మూడోది, ఇంకొకరి లోపలికి వెళ్లి చూడటం. ముద్దనూరు వైపు పల్లె నుంచి వచ్చే ఒక పదో తరగతి అబ్బాయికి మన సీమ కథ ఒకటి ఇచ్చాను. కరువులో మేత దొరక్క ఎద్దులను సంతకు తోలుకుపోయే రైతు కథ అది. వాడు గోడకు ఆనుకుని కూర్చుని, పెదాలు కదిలిస్తూ చదివాడు. ఒక పేజీ దగ్గర ఆగి, వేలు అక్కడే పెట్టి పుస్తకం మూశాడు. "ఈయప్ప మా జేజినాయన సంగతి యాడ ఇన్యాడు?" అని అడిగాడు. ఆ రాత్రి ఇంటికి పోయి తాతను ఎద్దుల గురించి అడిగాడట. ఇంట్లో ఎన్నడూ ఎత్తని ఆ మాట ఆరోజు బయటికొచ్చింది. చదువు వల్ల లాభమేమిటని ఎవరైనా అడిగితే నాకు వెంటనే గుర్తొచ్చేది ఆ అబ్బాయి వేలు పెట్టిన పేజీ.

ఇదంతా బాగుంది. సైన్సు ఏమంటోంది?

లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకు, ఎక్కువమంది ముప్పై ఏళ్ల వయసు ఆడవాళ్లు, ఆరు నెలలు హిందీ చదవడం నేర్పించి, ముందూ తర్వాతా మెదడు స్కానులు తీశారు. ఆ పరిశోధన 2017లో అచ్చయింది. మెదడు పైపొరలోనే కాదు, లోతున ఉండే భాగాల్లో కూడా మార్పు కనబడింది. చూపును నడిపించే భాగాలవి. చిన్నప్పుడు నేర్చుకోకపోతే ఇక అంతేనన్న మాట తప్పని దీనివల్ల తెలుస్తుంది.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 50 ఏళ్లు పైబడిన 3,635 మందిని 12 ఏళ్లపాటు గమనించి 2016లో ఫలితాలు అచ్చు వేశారు. పుస్తకాలు చదివేవాళ్లలో చనిపోయే ప్రమాదం చదవనివాళ్లకంటే 20 శాతం తక్కువగా కనిపించింది. వయసు, చదువు, ఆస్తి, ఆరోగ్యం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన అంకె ఇది. పేపర్లు, పత్రికలు మాత్రమే చదివేవాళ్లకు ఇంత లాభం కనబడలేదు. అయితే చదివినందువల్లే ఎక్కువ కాలం బతికారని దీంతో రుజువైనట్టు కాదు. రెండూ కలిసి కనిపించాయి, అంతవరకే. దీన్ని పట్టుకుని పుస్తకాన్ని మందుబిళ్లలా అమ్మేవాళ్లను నమ్మకండి.

పాఠాలు చదవడానికే టైము లేదు. కథల పుస్తకాలిస్తే మార్కులు తగ్గవా?

తగ్గవు. లెక్కలు రావనుకునే పిల్లల పక్కన కాసేపు కూర్చుని చూడండి. చాలామందికి లెక్క వస్తుంది, ప్రశ్నే అర్థం కాదు. "ఒక రైతు తన పొలంలో మూడో వంతు వేరుశనగ, మిగిలినదానిలో సగం కంది వేశాడు" అన్న వాక్యంలో "మిగిలినదానిలో" అన్న మాటను దాటేసి, మొత్తంలో సగం చేసేస్తారు. చెనిక్కాయ చేలో పుట్టి పెరిగిన పిల్లలే ఈ లెక్క తప్పుతుంటే ఆ లోపం లెక్కల్లో ఉందని ఎలా అనుకుంటాం? వాక్యాన్ని వాక్యంగా పట్టుకోవడం కథలు చదివితేనే అలవాటవుతుంది.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ ఇదే చెబుతాను. జిల్లా గ్రంథాలయానికి పొద్దున్నే వచ్చి, సొంత గైడ్లు పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చునే పిల్లలను చూస్తే నాకు గౌరవం. వాళ్ల వీపు వెనకే బీరువాల నిండా పుస్తకాలుంటాయి. రోజుకు అరగంట ఆ బీరువా వైపు తిరిగితే వ్యాసం రాసే పేపరులో, ఇంటర్వ్యూలో ఆ అరగంట మీకు తిరిగొస్తుంది.

పాప ఇంగ్లీషు మీడియం. తెలుగు పుస్తకాలు ఎందుకు?

చదవడమనే విద్య ఒక్కటే, భాషలు వేరు. కథలో ముందేం జరగబోతోందో ఊహించడం, తెలియని మాటకు చుట్టూ ఉన్న మాటలను బట్టి అర్థం పట్టడం, చెప్పకుండా వదిలేసింది గ్రహించడం, ఇవన్నీ ఇంటి భాషలో తేలిగ్గా అబ్బుతాయి. ఒకసారి అబ్బితే ఇంగ్లీషులోకీ వెంట వస్తాయి. పైగా తెలుగులో అక్షరం నేర్చుకుంటే చాలు, రాసినదాన్ని రాసినట్టే చదవొచ్చు. ఇంగ్లీషులో ఒక్కో మాటకు స్పెల్లింగు బట్టీ పట్టే పిల్ల, అదే వయసులో తెలుగులో పది పేజీల కథ సొంతంగా పూర్తి చేయగలదు. పుస్తకం మొత్తం నేనే చదివానన్న ధీమా ఆ వయసులో చాలా పెద్దది.

పిల్లలు ఎక్కువగా తడబడేది వత్తుల దగ్గర. "ఉత్సాహం", "స్వాతంత్ర్యం" లాంటివి రాగానే గొంతు తగ్గించి గుటకేస్తారు. అప్పుడు గద్దించకండి. మాట కింద వేలు పెట్టించి, ముక్కలుగా పలికించి, తర్వాత వాక్యం మొత్తం మళ్లీ మొదటి నుంచి చదివించండి. ఆ రెండోసారి చదవడంలోనే అసలు పని జరుగుతుంది. చాలామంది దాన్నే వదిలేస్తారు.

ఫోనులో చదివితే సరిపోదా?

కథలైతే పెద్ద తేడా లేదు. విషయం నేర్చుకోవాల్సిన పుస్తకమైతే కాగితమే మేలు. 2000 నుంచి 2017 దాకా జరిగిన 54 పరిశోధనలను కలిపి చూసినప్పుడు, మొత్తం 1,70,000 మందికి పైగా పాల్గొన్నవి అవి, సమాచారం ఇచ్చే పాఠాన్ని కాగితం మీద చదివినవాళ్లకే బాగా అర్థమైందని తేలింది. టైము తక్కువున్నప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువ.

నా అనుభవంలో ఫోనుతో చిక్కు తెర వల్ల కాదు, పైనుంచి జారిపడే మెసేజీల వల్ల. ఫోనే దిక్కయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చదవండి. రాత్రి పడుకునే ముందు మాత్రం కాగితం పుస్తకమే పట్టుకోండి. వెలుగు చిమ్మే తెర మీద చదివినవాళ్లకు నిద్ర పట్టడం ఆలస్యమైందని 2015లో వచ్చిన ఒక చిన్న పరిశోధన చెప్పింది.

కరువు సీమ మనది. పుస్తకాలకూ మనకూ ఏం సంబంధం?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. సినిమాలు మన గురించి చెప్పిందే మనమూ నమ్మేశాం.

తెలుగు పుస్తకానికి ఈ కడప ఎంత చేసిందో ఒకసారి చూడండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఈస్టిండియా కుంపిణీ ఉద్యోగిగా ఇక్కడికి వచ్చాడు. ఇక్కడే బంగళా కొన్నాడు. సొంత జీతంతో పండితులను పెట్టుకుని, ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, తప్పులు దిద్దించి శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చు వేయించాడు. తర్వాత నిఘంటువు చేశాడు. మన ఇళ్లల్లో అటకల మీద చెదలు తింటున్నవాటికి విలువ ఉందని పరాయి దేశపు మనిషి కడపలో కూర్చుని గుర్తించాడు.

ఆ బంగళా శిథిలమైపోయాక, ఆ స్థలంలోనే గ్రంథాలయం కట్టాలని జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఏళ్ల తరబడి తిరిగారు. చందాలు అడిగారు, పుస్తకాలు అడిగారు, తాళపత్రాలు అడిగారు. ఎర్రముక్కపల్లిలో ఇప్పుడున్న సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అలా నిలబడింది. యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కడపలో ఉండి దాని గడప తొక్కనివాళ్లు ఈ ఆదివారానికో వచ్చే ఆదివారానికో పిల్లలను తీసుకెళ్లే ఏర్పాటు చేసుకోండి. ముందు పనివేళలు కనుక్కుని వెళ్లండి.

ఇక మొల్ల పుట్టిన గోపవరం, అన్నమయ్య పుట్టిన తాళ్లపాక, రెండూ పాత కడప జిల్లాలోవే. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు అనంతపురం జిల్లాలో పుట్టి ప్రొద్దుటూరులో స్థిరపడ్డారు. ఆయన చిన్నవయసులో రాసిన కావ్యమే తర్వాత ఆయన పరీక్షకు పాఠ్యపుస్తకమైంది. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డిగారు ఇక్కడి నుంచే పత్రిక నడిపారు, తర్వాత మాస్కో వెళ్లి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేశారు. పాత సోవియట్ పుస్తకాలు ఇంట్లో ఉంటే అనువాదకుల పేర్లు తిరగేయండి, మన జిల్లా మనిషి కనబడవచ్చు. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెలుగులో 2011లో వేంపల్లి గంగాధర్‌కు, 2012లో వేంపల్లి షరీఫ్‌కు వచ్చింది. వరుసగా రెండేళ్లు, ఒకే ఊరికి! ఆ ఊరు పులివెందుల దారిలోని మన వేంపల్లె. అరటి తోటలకూ చీనీ తోటలకూ ఎంత పేరుందో, దీనికీ అంత పేరు రావాలి.

కొనలేం. గ్రంథాలయం మాకు ఉపయోగపడుతుందా?

ఇంటి పన్ను కడుతున్నారా? అయితే గ్రంథాలయానికి ఇప్పటికే డబ్బు కట్టేశారు. మన రాష్ట్రంలో ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకంగా వసూలవుతుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఏర్పడిన జిల్లా గ్రంథాలయ సంస్థలకు అదే ఆధారం. రసీదు తీసి చూడండి, ఆ సుంకం విడిగా కనబడుతుంది. మీ డబ్బుతో కొన్న పుస్తకాన్ని మీరు అడగడానికి మొహమాటమెందుకు?

ఈ హక్కు ఊరికే రాలేదు. కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, పత్రికలో రాసిన రాతకు 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్లిన మనిషి. బయటికొచ్చాక గ్రంథాలయాలను, వయోజన విద్యను భుజాన వేసుకున్నారు. 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షులుగా పనిచేశారు. చదువురానివాడికి స్వరాజ్యం వచ్చినా అందదని ఆ తరం నమ్మింది.

మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం అడగండి. కొద్దిపాటి డిపాజిట్టు కడితే పుస్తకాలు ఇంటికిస్తారు. కొన్నిచోట్ల న్యూస్ పేపర్ల బల్ల మాత్రమే నడుస్తూ, బీరువాలకు తాళాలుంటాయి. అలాంటిచోట తాళం తీయమని మర్యాదగా అడగండి, కావలసిన పుస్తకం పేరు కాగితం మీద రాసివ్వండి. అడిగేవాళ్లు లేకనే చాలా తాళాలు తుప్పు పట్టాయి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లలకు పోటీలు పెడతారు, సభ్యత్వానికి అది మంచి సమయం.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి?

ఒళ్లో కూర్చునే వయసు నుంచి. బొమ్మలు చూపించి కథ చెప్పండి. పుస్తకం చించితే చించనివ్వండి, అతికించుకోవచ్చు.

మా అమ్మకు చదువు రాదు. ఆమెకు పుస్తకంతో పనేముంది?

చాలా ఉంది. మన ఊళ్లల్లో పుస్తకం వినేదిగానే బతికింది. గుడి ముందు చావిట్లో ఒకరు భారతం చదివితే ఊరంతా చుట్టూ కూర్చునేది. వాన మొహం చాటేసిన ఏడు విరాటపర్వం చదివించేవాళ్లు, చదివితే వానలు పడతాయని నమ్మకం. వానల సంగతి ఎలా ఉన్నా, ఎండిన చేలను చూసి చూసి అలిసిపోయిన జనం ఒకచోట కూర్చుని, అజ్ఞాతవాసంలో పడిన కష్టాలు, అవి తీరిన తీరు వినేవాళ్లు. ఆ నాలుగు రాత్రులూ వాళ్లను నిలబెట్టి ఉంటాయని నా నమ్మకం.

కాబట్టి అమ్మకు చదివి వినిపించండి. మా జేజి తరం ఆడవాళ్లు ఎంతోమంది బడి మొహం చూడకుండానే వేమన పద్యాలు, బ్రహ్మంగారి తత్వాలు నోటికి చెప్పేవాళ్లు. అమ్మ వింటూ మధ్యలో అడ్డొచ్చి తన కథ మొదలుపెడుతుంది. అప్పుడు మీరు పుస్తకం పక్కన పెట్టి వినండి. ఇంకో మేలు కూడా ఉంది. మనవరాలు అవ్వకు చదివి పెడితే పిల్లకు ధారాళంగా చదవడం వస్తుంది, అవ్వకు కాలక్షేపం, ఇద్దరూ ఒకరికొకరు దొరుకుతారు. ఇంతకంటే మంచి ట్యూషను నాకు తెలియదు.

పెద్దయ్యాక మొదలుపెడుతున్నా. ఏ పుస్తకం తీసుకోమంటారు?

లావు నవల వద్దు. కథలు తీసుకోండి, ఒక్క కూర్చోవడంలో అయిపోతాయి. మన జిల్లావాడైన కేతు విశ్వనాథరెడ్డిగారి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సొదుం జయరాం, దాదా హయాత్, అనంతపురం నుంచి సింగమనేని నారాయణ, వీళ్ల కథల్లో మనుషులు మనలాగే మాట్లాడతారు, అందుకే పేజీ ఆగదు. మన యాస అచ్చులో కనబడితే, మన బతుకు కూడా రాయదగినదేనన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం కలిగాక ఎక్కడి పుస్తకమైనా చదవగలరు.

ఇరవై, ముప్పై పేజీలు చదివినా పట్టు దొరకకపోతే వదిలేయండి. తప్పేం లేదు. పిల్లలకైతే నేషనల్ బుక్ ట్రస్ట్, "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ, వీళ్ల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితం. పాత తెలుగు పుస్తకాలు వికీసోర్స్‌లో దొరుకుతాయి.

వారపత్రిక సీరియళ్లు, డిటెక్టివ్ నవలలు చదివితే లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. సీరియల్లో "సశేషం" చూసి వచ్చే వారం కోసం ఎదురుచూసినవాళ్లే ఆ తర్వాత గట్టి పాఠకులయ్యారు. పిల్లల చేతిలోంచి బొమ్మల కథ లాక్కుని నీతి పుస్తకం పెట్టడం కంటే పెద్ద నష్టం ఇంకోటి లేదు. ఎవరికి నచ్చింది వాళ్లను ఎంచుకోనివ్వండి.

రెండు పేజీలకే నిద్రొస్తుంది. ఏం చేయాలి?

పడుకుని చదవకండి. రాత్రి సంగటి తిని మంచమెక్కాక పుస్తకం పడితే ఎవరికైనా నిద్రే. పొద్దున కాఫీ అయ్యాక పావుగంట చాలు. పావుగంటకు నాలుగైదు పేజీలు వేసుకున్నా నెలకు ఒక పుస్తకం అవుతుంది. కడప నుంచి హైదరాబాదు, తిరుపతి వెళ్లే బస్సు కోసం స్టాండులో కూర్చున్నప్పుడు సంచిలో పుస్తకం ఉండాలి. బస్సు కదిలాక తల తిరిగేవాళ్లు కదలకముందే చదువుకోండి.

చదివింది గుర్తుండదు.

ఎవరికో ఒకరికి చెప్పండి. కథ ఇంట్లో చెబితే గుర్తుంటుంది. నచ్చిన వాక్యం నోటుబుక్కులో ఎక్కించండి. పేర్లు, తేదీలు మరిచిపోయారని దిగులు పడకండి, వాటి కోసం కథ చదవలేదు కదా.

ఎక్కువ చదివితే కళ్లు పోతాయా?

మసక వెలుతురులో చదివితే కళ్లు అలుస్తాయి, పాడవవు. పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనబడటం, రాకుండా ఉండాలంటే రోజూ ఆరుబయట ఆడుకోవడం ముఖ్యం. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడమని చెప్పండి. అక్షరాలు మసకబారినా, తలనొప్పి వచ్చినా కళ్ల డాక్టరుకు చూపించండి. బడిలో వెనకబడ్డాడని తిట్లు తినే పిల్లల్లో కొందరికి కావలసింది కళ్లజోడు మాత్రమే.

ఇంట్లో తాతల నాటి పుస్తకాలు, తాటాకులు ఉన్నాయి. ఏం చేయాలి?

పాత పేపర్లవాడికి వేయకండి. తాటాకుల కట్ట అయితే విప్పే ప్రయత్నం చేయకండి, ఎండిన ఆకు వంచితే విరుగుతుంది. నూనెలు పూయొద్దు. శుభ్రమైన నూలు గుడ్డలో వదులుగా చుట్టి, తేమ తగలనిచోట పెట్టి, బ్రౌన్ కేంద్రం వాళ్లకు చూపించండి. అచ్చు పుస్తకాలకు సెల్లో టేపు వేయకండి, కొన్నేళ్లకు ఆ జిగురే కాగితాన్ని పసుపు పట్టించి తినేస్తుంది. పురుగు పట్టినవాటిని మంచివాటి నుంచి వేరు చేయండి. మీకు అవసరం లేకపోతే బడికో శాఖా గ్రంథాలయానికో ఇచ్చేయండి. ఇచ్చేముందు లోపల ఎవరైనా పేరు, ఊరు, తేదీ రాసిన పేజీ ఉంటే దాన్ని చించకుండా అలాగే ఇవ్వండి. ఏ కాలంలో, ఏ ఊళ్లో, ఎవరు ఏం చదివారో తెలుసుకోవడానికి అదే ఆధారమవుతుంది.